‘టిక్’ మనే టార్క్ రెంచ్ గారికి

అయ్యా టార్క్ రెంచ్ గారూ,

ఇంజిన్ లైన్లో మీతో ఆరేళ్లు కాపురం చేసినవాణ్ణి, ఆ చనువుతో రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. బోల్టు తిప్పే బలం మేం పెట్టిన అంకెకి చేరగానే మీరు ‘టిక్’ అంటారు, అంతే, సూపర్‌వైజర్ దగ్గర్నుంచి ఆడిటర్ దాకా అందరికీ టెన్షన్ పోతుంది. నేనేమో బోల్టు తల మీద పసుపు పెయింటుతో, పెళ్లికూతురికి బొట్టు పెట్టినంత భక్తిగా ఓ గీత గీసి, తర్వాతి ఇంజిన్‌కి వెళ్లిపోతాను. ఇంతకీ మీరు టిక్కన్నది ఏం చూసి?

బోల్టు ఎంత సాగింది, రెండు ముక్కల్నీ ఎంత గట్టిగా పట్టుకుంది అన్నది మీకు అక్కర్లేదు. తిప్పడానికి ఎంత బలం పట్టిందో, అంటే టార్క్, అదొక్కటే మీ లెక్క. అందులో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది, ఇంకో 40 శాతం బోల్టు ఒంటి మీది గాడుల్లో, అంటే మరల్లో పోతుంది, చివరికి బిగింపుకి దక్కేది ఏ పదో వంతో. మా ఊరి రోడ్డుకి శాంక్షనైన డబ్బులే ఇంతకంటే నయంగా చేరాయి.

మీ తేడా 4 శాతం లోపేనని, 5000 టిక్కులకో ఏడాదికో ఓసారి పరీక్షిస్తామని గోడకి సర్టిఫికెట్ కట్టారు. నిజమే, కానీ మీరు సరిగ్గా 50 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగినా, రాపిడి మారితే బిగింపు 25, 30 శాతం అటూ ఇటూ అవుతుంది. 8.8 గ్రేడు ఎం10 బోల్టు, అంటే పది మిల్లీమీటర్ల లావుది, పొడిగా ఉంటే ఆ 50కి బిగింపు సుమారు 25 కిలోన్యూటన్లు వస్తుంది, నూనె తగిలితే 33 దాకా వెళ్తుంది, అంటే పాపం ఆ బోల్టు ఓర్చుకోగల హద్దు దాకా.

మీ తమ్ముడు యాంగిల్ పద్ధతి కొంచెం తెలివైనవాడు. ముందు తక్కువ టార్క్‌తో ఆనించి, తర్వాత ఓ 90 డిగ్రీలు తిప్పమంటాడు. నూనె ఉన్నా లేకపోయినా పావు చుట్టు పావు చుట్టే కదా, మర ఒక్క చుట్టుకి 1.5 మిల్లీమీటర్లు కదిలేదైతే 0.375 మిల్లీమీటర్లు ముందుకెళ్లాల్సిందే. సిలిండర్ హెడ్ దగ్గర అందుకే వాణ్ణి నమ్ముతారు. (మా ఊరి మెకానిక్ షెడ్డులో మేస్త్రీ పానాకి పైపు తగిలించి, “ఆనిందా? ఇంకో పావు” అంటాడు. ఆయన కూడా మీ తమ్ముడి పార్టీయే, ఆయనకి తెలీదంతే.) ఇంకా ఖరీదైన నట్‌రన్నర్ అనే మోటారు బిగింపు యంత్రం ఉంది, బోల్టు మళ్లీ వెనక్కి రానంతగా సాగడం మొదలెట్టగానే పసిగట్టి ఆగుతుంది, కాకపోతే అలా బిగించిన బోల్టుని విప్పితే చాలాసార్లు పారేయాల్సిందే. బోల్టులోకి శబ్దతరంగం పంపి పొడవు కొలిచే అల్ట్రాసోనిక్ దొరగారు ల్యాబ్ దాటి మా వైపు ఎప్పుడూ రాలేదు.

ఇక అసలు సంగతి. ఓ నైట్ షిఫ్టులో బోల్టులు సులువుగా దిగుతాయని నేనే మరలకి గ్రీజు పూశాను. మీరు అన్నిటికీ నిక్షేపంగా టిక్కన్నారు. పొద్దున విప్పి చూస్తే మూడు బోల్టులు మర దగ్గర సాగి సన్నబడ్డాయి. విచారణలో అడిగింది ఒకే ప్రశ్న: “టిక్ వచ్చిందా?” “వచ్చింది సార్.” “అయితే బోల్టుల లాటే బాగాలేదు.” లాట్ మొత్తం వెనక్కి పంపేశారు. గ్రీజు డబ్బా అక్కడే, మీ పక్కనే ఉంది, మీరూ నోరు మెదపలేదు, నేనూ మెదపలేదు.

ఇట్లు,
మీ పసుపు గీతగాడు

తా.క.: నిన్న రాత్రి బిగుసుకుపోయిన నట్టు విప్పడానికి కొత్త సర్టిఫికెట్‌తో వచ్చిన మీలాంటి ఇంకో టార్క్ రెంచ్‌ని వాడారు. ఎవరని మాత్రం అడక్కండి.