అయిదు మిల్లీమీటర్ల బెజ్జానికి ఎనిమిది అడుగుల రైల్

వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. కృష్ణా నీళ్లు తేవడానికి కొండ కింద రెండు సొరంగాలు, ఒక్కొక్కటి 18 కిలోమీటర్ల పైచిలుకు. ఆ తవ్వకం విషయంలో ప్రకాశం జిల్లా జనం చూపిన ఓర్పు చరిత్రకెక్కదగినది. కాబట్టి దాన్ని అలాగే ఉండనిచ్చి, అంతకంటే తొందరగా తేలవలసిన మరో తవ్వకం గురించి మాట్లాడుకుందాం. అలమార పక్కచెక్కకు, అరలను మోసే పిన్నుల కోసం పెట్టే 5 మిల్లీమీటర్ల బెజ్జం సంగతి అది.

ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా కొత్త ఫ్లాటు కొన్నవాడికి గృహప్రవేశానికి ముందు ఒక జ్ఞానోదయ దశ వస్తుంది. నిన్నటిదాకా ప్లైవుడ్‌కూ అట్టకూ తేడా తెలియని మనిషి, రాత్రంతా వీడియోలు చూసి, తెల్లవారగానే వడ్రంగిని నిలదీస్తాడు.

"ఆచారి గారూ, బెజ్జానికీ బెజ్జానికీ సరిగ్గా 32 మిల్లీమీటర్ల దూరం పెట్టే పద్ధతి పాటిస్తారా?"

ఆచారి గారు చెవి మీది పెన్సిలు తీసి, టేపు వంక ఒకసారి చూసి, "అంగుళంపావు పెడతానండీ" అంటారు.

గృహస్థు గుండె జారిపోతుంది. అంగుళంపావు అంటే 31.75. బెజ్జానికీ బెజ్జానికీ పావు మిల్లీమీటరు తరుగు! ఏడడుగుల చెక్క మీద కింది నుంచి పై బెజ్జానికి చేరేసరికి 16 మిల్లీమీటర్లు మాయం. దీనికి ఆచారి గారి జవాబు: "రెండు పక్కలా అంతే తగ్గుతుంది కదండీ, అర ఎందుకు ఒరుగుతుంది?" ఇంత సూటి మాటకు మన చర్చల్లో చోటు లేదు. తలుపు మడతబందులు కూడా అవే బెజ్జాల్లో బిగించేవారికి 32 లెక్క నిజంగానే అవసరం. చెక్క ముందు అంచు నుంచి బెజ్జాల వరుసకు 37 మిల్లీమీటర్ల దూరం పెట్టేదీ అందుకే. ఈ 32 ఎక్కడిదంటే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో ఒకేసారి వరుసగా బెజ్జాలు పెట్టే యంత్రాలు తయారైనప్పుడు, వాటి గేర్లు అంతకంటే దగ్గరగా ఇమడలేదని చెబుతారు. అక్కడి గేర్ల ఇరుకుతనం ఇక్కడ మన ఆవకాయ జాడీ ఎత్తును శాసిస్తోంది.

ఇక అసలు సమస్య, ఏ పొడవు గైడ్ రైల్ కొనాలన్నది. గైడ్ రైల్ అంటే చెక్క మీద పరిచే అల్యూమినియం పట్టా. దాని పొడవునా 32కు ఒక కన్నం ఉంటుంది. బిట్ అనే మొనను తిప్పి చెక్కను తొలిచే రౌటర్ యంత్రాన్ని కన్నం నుంచి కన్నానికి జరుపుతూ బెజ్జాలు పెట్టుకుంటూ పోవాలి. జర్మనీ ఫెస్టూల్ కంపెనీ ఈ పనికి 1080, 1400, 2424 మిల్లీమీటర్ల పొడవుల్లో రైల్స్ చేస్తుంది. మనుషుల్లోని వర్ణవ్యవస్థ చాలక ఇప్పుడు ఇది.

వంటింట్లో చీమకుర్తి గ్రానైటు బండ కింద పెట్టే డబ్బా ఎత్తు సుమారు 720. దానికి 1080 రైల్ పరిస్తే ఇంకా అడుగు పైనే మిగులుతుంది. కానీ 1080 కొన్నవాడిని ఎవరూ పెద్దమనిషిగా చూడరు. 1400 మధ్యేమార్గం, నాలుగడుగుల ప్లైవుడ్ వెడల్పును హాయిగా దాటుతుంది. మధ్యేమార్గానికి మన దగ్గర ఎంత గౌరవముందో దానికీ అంతే ఉంది. 2424 మాత్రం నిలువెత్తు బట్టల అలమారకు ఒక్క ఊపులో సరిపోతుంది. పొట్టి రైల్‌ను కూడా పైకి జరిపి, ఆఖరి బెజ్జంలో పిన్ను దూర్చి, అక్కడి నుంచి లెక్క కొనసాగించవచ్చు. ఈ సంగతి బయటికి పొక్కకుండా చూడాలి. లేకపోతే పెద్ద రైల్ ఎవరు కొంటారు?

ఏడడుగుల పక్కచెక్కకు వరుసకు 66 బెజ్జాలు పడతాయి. ముందొక వరుస, వెనకొక వరుస, రెండు చెక్కలు: మొత్తం 264. అయిదు అరలకు కావలసిన పిన్నులు 20. మిగిలిన 244 బెజ్జాలు భవిష్యత్తు కోసం. ఆ భవిష్యత్తులో ఇంటావిడ అరలన్నీ విప్పి ఎత్తులు మారుస్తుందట! గృహప్రవేశం నాడు జాడీ ఎత్తు చూసి పెట్టిన అర మనవళ్ల కాలం దాకా అక్కడే ఉంటుంది. పైగా చొక్కాలు వేలాడే చోటా, సొరుగులు కూర్చునే చోటా అరలే ఉండవు. అక్కడా బెజ్జాలు పెట్టాలన్న నియమం ఎవరు పెట్టారో గానీ, నిష్ఠగా పాటిస్తున్నారు.

ఆచారి గారి సంచీలో రైల్‌కు బదులు వాడే, వరుసగా బెజ్జాలున్న మూడడుగుల ప్లైవుడ్ పట్టీ ఒకటుంటుంది. బిట్ తిరిగి తిరిగి దాని బెజ్జాల అంచులు నల్లబడ్డాయి. ఒక చివర పెన్సిలుతో 'కింద' అని రాసుకున్నారు. అన్ని చెక్కలకూ కొలత ఆ చివర నుంచే మొదలు. ఒక చెక్కకు కింది నుంచి, రెండోదానికి పైనుంచి మొదలుపెడితే ఎంత ఖరీదైన రైల్ పరిచినా అర వాలుతుంది. వెనక వరుస పెట్టేటప్పుడు రైల్ ఒక్క మిల్లీమీటరు జారినా అర మూడు పిన్నుల మీద నిలబడి, నాలుగో మూల టకటకలాడుతుంది. అప్పుడు ఆర్టీసీ టికెట్టును నాలుగు మడతలు పెట్టి ఆ మూల దోపవలసిందే. ఉదయగిరిలో చెక్క గరిటెలకు చేత్తోనే నగిషీలు చెక్కేవారిని చూస్తే, వారికి ఏ పొడవు రైల్ సిఫారసు చేయాలో మన గృహస్థులకు పాలుపోదు.

బెజ్జాల దగ్గర పావు మిల్లీమీటరుకు ప్రాణం విడిచే ఈ పెద్దమనుషులే అర పొడవు మాత్రం నాలుగడుగులు పెట్టమంటారు. జాడీలన్నీ సర్దాక 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ నడుమ కిందికి వంగుతుంది. ఆ వంపు ఏ పద్ధతిలోకీ రాదు కాబట్టి ఎవరి కంటికీ కనబడదు.

ఎవరెన్ని చెప్పినా చివరికి కొనేది 2424నే. పని ముగిశాక దాన్ని ఎక్కడ దాచాలి? కొత్త అలమారలోనే నిలబెడదామంటే, దాన్ని ఏడడుగులకు కాక పూర్తి ఎనిమిదడుగుల ప్లైవుడ్‌తో చేసినా పొడవు 2440. పైన, కింద ఒక్కో చెక్క మందం 18 చొప్పున తీసేస్తే లోపల మిగిలేది 2404. ఇరవై మిల్లీమీటర్లు చాలదు. ఏటవాలుగా పెడితే పడుతుంది, కాకపోతే అరలన్నీ తీసేయాలి.