పిల్లల్ని నాలుగింటికి లేపమనే ఆ మెసేజ్ గురించి

పొద్దున ఫోన్ తీస్తే మళ్లీ అదే. ఈ వారంలో ఐదోసారి. మొదట మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో వచ్చింది, తర్వాత మా పెద్దమ్మ కూతురు గాజువాక నుంచి పంపింది, ఆ తర్వాత నా దగ్గర ట్యూషన్‌కొచ్చే పిల్లల అమ్మలు ముగ్గురు ఒకే రోజు పంపించి "మేడమ్, మనోళ్లకి కూడా ఇది స్టార్ట్ చేయిద్దామా" అని అడిగారు. అందుకే కూర్చుని రాస్తున్నాను. విడివిడిగా అందరికీ చెప్పే ఓపిక నాకిక లేదు.

చూడనివాళ్ల కోసం: "6 నుంచి 8 తరగతి పిల్లల జీవితాన్ని 21 రోజుల్లో మార్చే 9 అలవాట్లు" అని పేరు. పిల్లల్ని తెల్లవారుజామున నాలుగింటికి లేపాలి, కలాం గారు అలాగే పైకొచ్చారు. ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోద్ది, మధ్యలో ఒక్కరోజు తప్పినా మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలెట్టాలి. ప్రతి పాఠం పదిసార్లు చదవాలి. ఆటలు ఆదివారమే. స్వీటు ముందు పెట్టి తినకుండా ఆగడం నేర్పాలి. మాట తప్పితే గుంజీలు తీయించి, మార్కులు చుట్టాల గ్రూప్‌లో పెట్టాలి. పరగడుపున నిమ్మకాయ నీళ్లు. ఇంక్ పెన్నుతోనే రాయాలి. రాత్రి బ్యాగ్ సర్దుకుని పడుకోవాలి. చివర్లో దండం పెట్టే బొమ్మలు, పది మందికి పంపండి అని.

నేను అక్కయ్యపాలెంలో ఇంటి దగ్గర సిక్స్త్ నుంచి ఎయిత్ దాకా మ్యాథ్స్, సైన్స్ చెప్తాను, పద్నాలుగేళ్లవుతోంది. ఈ వయసు పిల్లలకి అలవాట్లు అక్కర్లేదని నేననను, అసలు వాళ్లకి కావాల్సిందే అవి. ఐదో తరగతి దాకా ఒక్క టీచరే అన్నీ చూసుకునేవారు, ఆరులోకి రాగానే సబ్జెక్టుకో టీచర్, సబ్జెక్టుకో నోట్‌బుక్, చాలామందికి హిందీ అప్పుడే కొత్తగా మొదలు, ఎనిమిదికొచ్చేసరికి స్టేట్ సిలబస్‌లో సైన్స్ రెండు ముక్కలవుతుంది. ఇన్ని గుర్తుపెట్టుకుని ప్లాన్ చేసుకునే పని మెదడు ముందుభాగానిది, అది పూర్తిగా ఎదగడానికి ఇరవై దాటి ఇంకొన్నేళ్లు పడుతుంది. అంటే పన్నెండేళ్ల పిల్లకి సాయం కావాలి. ఈ మెసేజ్ చేసేదేంటంటే, సాయం చేయాల్సిన మనల్ని పక్కన కూర్చోబెట్టి బరువంతా పిల్ల మీద పెడుతోంది.

మొదటి పాయింట్ దగ్గరే ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే దీనివల్ల జరిగే చెడు నా కళ్లతో చూశాను.

నాలుగింటికి లేపాలి. సరే, పడుకునేది ఎన్నింటికి? మెసేజ్ మొత్తం వెతికాను, ఎక్కడా లేదు. మన వైజాగ్‌లో మామూలు పిల్లాడి రోజు చూడండి. ఏడుంబావుకి స్కూల్ బస్సు, సాయంత్రం మద్దిలపాలెం, గురుద్వారా జంక్షన్ల ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి ఐదు, ఆరు నుంచి ఎనిమిది ట్యూషన్, భోజనం తొమ్మిది, హోంవర్క్ పదిన్నర, పడుకునేసరికి పదకొండు. నాలుగింటికి లేపితే ఐదు గంటల నిద్ర. అమెరికాలో నిద్ర మీద పనిచేసే డాక్టర్ల సంఘం 2016లో చెప్పిన లెక్క ఏంటంటే 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి 9 నుంచి 12 గంటలు, 13 దాటినవాళ్లకి 8 నుంచి 10 గంటలు నిద్ర ఉండాలి. తక్కువలో తక్కువ వేసుకున్నా పన్నెండేళ్ల పిల్లాడికి రోజుకి నాలుగు గంటల లోటు, వారానికి 28 గంటలు. వారంలో ఒక రోజుకి పైగా నిద్ర మనం లాగేసుకుని దానికి క్రమశిక్షణ అని పేరు పెడుతున్నాం.

ఇంకోటి, ఈ వయసులోనే పిల్లల ఒంట్లో గడియారం వెనక్కి జరుగుతుంది. పెద్దమనుషులయ్యే వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది. అందుకే నిన్నటిదాకా తొమ్మిదింటికి తూలిపోయినవాడు ఇప్పుడు పదిన్నరైనా కళ్లు మిటకరిస్తూ ఉంటాడు, పొద్దున లేపితే లేవడు. బద్ధకం అంటాం. వాడి ఒళ్లు మారుతోంది, అంతే. పైగా పగలు చదివింది మెదడులో గట్టిపడేది నిద్రలోనే, ఆ నిద్ర కోసేసి ఇంకో గంట చదివించడమంటే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

మా ట్యూషన్‌లో ఒక సెవెంత్ క్లాస్ గుంటడు, కంచరపాలెం వైపు నుంచి వస్తాడు. జూన్‌లో పూర్ణ సంఖ్యలు చెప్తే టకటకా చేసేవాడు, మైనస్ ఏడు మైనస్ మూడు ఎంతరా అంటే నా నోట్లో మాట అవకుండానే మైనస్ పది అనేవాడు. ఆగస్టుకి అదే లెక్కకి మైనస్ నాలుగు అని రాస్తున్నాడు. ఒకసారి కాదు, పేజీ నిండా. పెన్ను నోట్‌బుక్ మీద ఆనించి అలా ఉండిపోతాడు, గీత పక్కకి జారిపోయి ఉంటుంది. ఎన్నింటికి పడుకుంటున్నావు నాన్నా అంటే "పదకొండున్నర టీచర్, నాలుగింటికి డాడీ లేపుతున్నారు" అన్నాడు. వాళ్ల నాన్నగారిని రమ్మన్నాను. పోర్టులో షిఫ్టులు చేసే మనిషి, తన నిద్ర చెడగొట్టుకుని మరీ కొడుకు పక్కన కూర్చుంటున్నారు, ఆయన్ని ఏమనగలను. ఆయనకి ఎవరో ఇలాంటి మెసేజే పంపారు. జూన్ పేజీలు, ఆగస్టు పేజీలు పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు ఆయన. వాడి ట్యూషన్ ఐదున్నరకి మార్చాను, ఎనిమిదిన్నరకల్లా హోంవర్క్ ఎంతయితే అంతే, తొమ్మిదిన్నరకి లైటు ఆర్పడం, ఆరింటికి లేవడం. నెల తర్వాత పరీక్షలో వాడికి మార్కులు బ్రహ్మాండంగా ఏమీ పెరగలేదు, రెండో మూడో పెరిగాయి. కానీ మైనస్ ఏడు మైనస్ మూడు మళ్లీ మైనస్ పది అయింది, పక్కవాడితో ఎరేజర్ కోసం దెబ్బలాడటం మొదలెట్టాడు. ఆ దెబ్బలాట వింటే నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

పెద్దవాళ్లు నాలుగింటికే లేచేవారు కదా అంటారు. లేచేవారు. పెందుర్తిలో మా అమ్మమ్మ లేచేది. ఎనిమిదింటికల్లా దీపం చిన్నది చేసి అందరూ పడుకునేవారు. ఆ సగం ఎందుకు చెప్పరు? మీ ఇంట్లో కూడా ఎనిమిదింటికి టీవీ, ఫోన్లు, లైట్లు అన్నీ ఆపి పడుకుంటామంటే నాలుగున్నరకి లేపుకోండి, నాకేం అభ్యంతరం లేదు, కొంతమంది పిల్లలకి అది నిజంగా బావుంటుంది కూడా. ఇక కలాం గారు. ఆయన చిన్నప్పుడు పేపర్లు వేసిన మాట నిజం. యుద్ధం రోజుల్లో రామేశ్వరంలో రైలు ఆగడం మానేస్తే, కదిలే రైల్లోంచి విసిరేసిన పేపర్ కట్టలు పట్టుకోడానికి వాళ్ల బంధువుకి ఒక మనిషి కావాల్సొచ్చింది, ఆ పని ఈయన చేశారు. అది ఆ ఇంటి అవసరం. పన్నెండేళ్లవాడి నిద్ర చెడగొట్టడానికి ఆయన పేరు వాడుకోవడం నాకు అస్సలు నచ్చలేదు.

ఇప్పుడు 21 రోజులు. ఇది ఎక్కడ పుట్టిందో తెలుసా? మ్యాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ అయ్యాక కొత్త మొహానికి అలవాటు పడటానికి పేషెంట్లకి కనీసం ఓ 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. ముక్కు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల గురించి ఆయన రాసుకున్న మాట, అందులో "కనీసం" అన్నది ఎగిరిపోయి, మన పిల్లల హోంవర్క్ దాకా వచ్చేసింది. అలవాటు పడటానికి నిజంగా ఎన్నాళ్లు పడుతుందో లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మంది మీద చూశారు. 2009లో బయటికొచ్చింది. సగటున 66 రోజులు, కొందరికి 18, కొందరికి 254 దాకా లెక్క తేలింది. అదీ పెద్దవాళ్లకి, మధ్యాహ్నం భోజనంతో ఒక పండు తినడం లాంటి చిన్న పనులకి. ఇంకో సంగతి కూడా తేలింది అందులో, మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా ఏమీ రాలేదు.

అంటే మెసేజ్‌లో ఉన్న "తప్పితే మళ్లీ ఒకటి నుంచి" అనే రూలు పూర్తిగా అబద్ధం. మా దగ్గర ఎయిత్ క్లాస్ అమ్మాయి ఒకతి క్యాలెండర్ మీద 17 రోజులు టిక్కులు పెట్టుకుంది, ఎంత మురిసిపోయేదో. మధ్యలో అనకాపల్లిలో పిన్ని పెళ్లి, రెండు రోజులు పోయాయి. వచ్చాక వాళ్లమ్మ మళ్లీ ఒకటి అన్నారట. పిల్ల క్యాలెండర్ చింపేసింది. అంతే, ఆ తర్వాత టిక్కూ లేదు, చదువూ లేదు. పదిహేడు రోజులు చేసిన పిల్లకి నువ్వేం చేయలేదు అని చెప్తే ఇంకేం చేస్తుంది అండీ?

అలవాటు కావాలంటే సంకల్పం గురించి ప్రసంగాలు వద్దు, దాన్ని రోజూ జరిగే ఒక గుర్తుకి కట్టండి. "బాగా చదువుతాను" అనేది పనికిరాదు. "స్కూల్ నుంచి వచ్చి, షూ విప్పి, పాలు తాగాక డైరీ తీసి టేబుల్ మీద పెడతాను" అనేది పనికొస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఏది అయ్యాక, ఇవి ముందే అనుకుంటే పని జరిగే అవకాశం బాగా పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్ట్ 1990ల నుంచి చూపిస్తూ వచ్చాడు. డైరీ తీయడం ఒక్కటే చాలు మొదట్లో. తీసి పెట్టాక ఎలాగూ తెరుస్తారు. ఆ టైంలో టేబుల్ ఖాళీగా ఉంచడం, టీవీ ఆపడం మన పని. పిల్లల అలవాటులో సగం మన అలవాటే.

పాఠం పదిసార్లు చదవడం. ఇది నేను కూడా చిన్నప్పుడు చేశాను, అందరం చేశాం. రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు 2006లో కాలేజీ పిల్లల మీద చూశారు. చదివిందే మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో బానే చేశారు, వారం తర్వాత మాత్రం పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. మా పిల్లల్లోనూ అదే చూస్తున్నాను. పదిసార్లు చదివినప్పుడు వచ్చేసినట్టు అనిపిస్తుంది, ఆ అనిపించడమే మోసం. రెండుసార్లు చదివించి పుస్తకం మూయించండి, కిరణజన్య సంయోగక్రియ గురించి నాకు చెప్పమ్మా అనండి. తడబడనివ్వండి. ఆ తడబాటులోనే గుర్తుండిపోతుంది. మీకు సైన్స్ రానక్కర్లేదు, వింటే చాలు.

ఆటలు ఆదివారమే అన్నదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి సగటున రోజుకి 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలంటోంది. పక్కన బీచ్ పెట్టుకుని పార్కింగ్‌లో క్రికెట్ కూడా ఆడనివ్వకపోతే ఎలా?

స్వీటు కథ కూడా అంతే. 1960ల చివర్లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్ట్ మొదలెట్టింది, నాలుగైదేళ్ల పిల్లల మీద, తినకుండా కాసేపు ఆగితే ఇంకోటి ఇస్తామని చెప్పి. ఆగినవాళ్లందరూ కోటీశ్వరులయ్యారని ఎవరూ తేల్చలేదు. 2018లో సుమారు 900 మంది పిల్లల లెక్కలు తీసి చూస్తే, ఇంటి పరిస్థితులు కూడా కలిపి లెక్కేసేసరికి, ఆగినవాళ్లకీ ఆగలేనివాళ్లకీ తర్వాత చదువులో కనిపించిన తేడా చాలా మటుకు పోయింది. రేపు దొరుకుతుందన్న నమ్మకం ఉన్న ఇంట్లో పిల్లాడు ఆగుతాడు, లేనివాడు ఇవాళే తింటాడు. దాన్ని గుణం అనకండి.

గుంజీలు, చుట్టాల గ్రూప్‌లో మార్కులు. ఇది చదివినప్పుడు నాకు చేతులు వణికాయి. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ స్కూల్లో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ కలిపే నిషేధించింది. టీచర్ చేస్తే తప్పయింది అమ్మానాన్న చేస్తే అలవాటెలా అవుతుంది? పన్నెండేళ్ల వయసులో పిల్లలకి అన్నిటికంటే భయం నలుగురిలో చిన్నబోవడం. ఆ భయాన్నే పట్టుకుని లాగుతున్నారు మీరు. హైదరాబాద్ బాబాయి, అమెరికా అత్తయ్య చూస్తుండగా 25కి 11 వచ్చాయని పెడితే, పిల్ల నేర్చుకునేది పేపర్ దాచేయడం. దాచిన పేపర్లు నా దగ్గరికి ఎన్ని వచ్చాయో, ట్యూషన్ బ్యాగ్ అడుగున, అట్టల మధ్యన మడతపెట్టి. దయచేసి ఈ ఒక్క పాయింట్ మాత్రం ఎవరికీ పంపకండి, పంపినవాళ్లు డిలీట్ చేయండి.

నిమ్మకాయ నీళ్లు ఇష్టమైతే తాగండి. ఇంక్ పెన్ను, బాల్‌పెన్ను ఏదైనా ఒకటే.

ఇక తొమ్మిదోది, రాత్రే బ్యాగ్ సర్దుకోవడం. ఇది మాత్రం నిజం, పూర్తిగా ఒప్పుకుంటున్నాను. నిజానికి కొన్నేళ్లు నేనే దీనికి ఎదురు చెప్పాను, అమ్మ సర్దితే పోయేదేముంది, ఆ పావుగంట పిల్ల చదువుకుంటుంది కదా అని తల్లులకి చెప్పేదాన్ని. తప్పు చెప్పాను. సిక్స్త్ క్లాస్ అమ్మాయి ఒకతి ప్రతి బుధవారం హిందీ నోట్స్ మర్చిపోయి తిట్లు తినేది, బ్యాగ్ వాళ్లమ్మే సర్దేవారు, ఆవిడకేమో హిందీ ఏ రోజు ఉందో తెలీదు. టైంటేబుల్ తలుపు వెనక అంటించి, పిల్లనే చూసి సర్దుకోమన్నాం. మొదటి వారం రెండుసార్లు మర్చిపోయింది. వాళ్లమ్మకి ఇప్పుడు తెలుసు, టైంటేబుల్ కనిపిస్తోంది, అయినా నోరు విప్పలేదు, ఆవిడకి అదెంత కష్టమో నాకు తెలుసు. మూడో వారానికి బుధవారం తిట్లు ఆగిపోయాయి. రేపు ఏముంది అని ముందురోజే ఆలోచించడం ఆ పిల్లకి అక్కడ మొదలైంది, నా ట్యూషన్ నోట్స్‌లో కూడా తేదీలు తనే వేసుకోవడం మొదలెట్టింది.

కాబట్టి తొమ్మిదోది ఇవాళే పెట్టుకోండి. ఒక్కటే మార్చండి, పదకొండింటికి కళ్లు మూతలు పడుతుంటే సర్దించకండి, అన్నం పెట్టే ముందు, ఎనిమిదిన్నరకి.