తేలితే ఉడికినట్టే

ఏఐ యాప్ ఏది తెరిచినా అడుగున బూడిద రంగులో, కళ్లజోడు పెట్టుకున్నా ఆనని అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: "ఇందులో తప్పులుండవచ్చు. ముఖ్యమైన విషయాలు సరిచూసుకోగలరు." మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన వాటిలో ఇంతకు మించినది లేదని నా అభిప్రాయం. నిప్పు, చక్రం, సున్నా అన్నీ దీని తర్వాతే. పాపం, చక్రం కనిపెట్టినవాడికి ఈ సౌకర్యం లేదు. చక్రం తిరక్కపోతే బండివాడు ఇంటికొచ్చి తన్నేవాడు.

ఇప్పుడు తన్నడానికి ఇల్లెక్కడుందో తెలియదు.

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూడండి. ఏఐతో ఐఐటీ కోచింగు, ఏఐతో జాతకం, ఏఐతో పెళ్లి ఆల్బమ్. నిన్నటిదాకా 'కంప్యూటరైజ్డ్' అని రాసుకున్న కళ్లద్దాల షాపుల వాళ్లు కూడా బోర్డు మార్చేశారు. ఒంగోలు పోయినా ఇదే తంతు. ఒంగోలు గిత్తకు మాత్రం ఇంకా ఎవరూ తగిలించలేదు, పొడుస్తుందని భయం కాబోలు. ఇన్ని ఫ్లెక్సీల మీద ఇన్ని గొప్పలు రాశారు కదా, ఆ బూడిద రంగు వాక్యం ఒక్క ఫ్లెక్సీ మీదైనా ఉందేమో చూడండి. ఉండదు. గొప్పలన్నీ మూడడుగుల అక్షరాల్లో, తప్పించుకునే దారి మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో.

మా వైపు రొయ్యల పట్టుబడి నాడు, అంటే పెంచిన రొయ్యల్ని పట్టి అమ్మే రోజు, గుంట గట్టు మీద కౌంట్ తీస్తారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. నలభై తూగితే నలభై కౌంట్, వంద తూగితే వంద కౌంట్. రొయ్య పెద్దదయ్యే కొద్దీ కౌంట్ తగ్గుతుంది, రేటు పెరుగుతుంది. రైతు చూపంతా ఆ బుట్ట మీదే ఉంటుంది. అలాంటప్పుడు కౌంట్ తీసే మనిషి "నలభై అనిపిస్తా ఉందన్నా, తప్పయినా కావచ్చు, ముఖ్యమనుకుంటే మీరే సరిచూసుకోండి" అన్నాడనుకోండి. ఆ మనిషి గట్టు మీద నుంచి తన కాళ్లతో తాను నడిచి ఇంటికి పోడు. అదే మాట అన్న కంపెనీకి మాత్రం ప్రపంచమంతా పోటీపడి పెట్టుబడి పెడుతోంది.

ఇంత కడుపుమంట ఎందుకంటే, ఇందుకూరుపేట వైపు ఒక కల్యాణమండపంలో జరిగిన అవగాహన సదస్సుకు పోయొచ్చాను. మేత అమ్మే ఒక కంపెనీ వాళ్లు పెట్టారు. పేరు చెప్పను, చెబితే వాళ్లకు ఉచిత ప్రచారం. రొయ్య రైతుకు అరచేతిలో నిపుణుడట. స్టేజీ మీద బొకేలు, శాలువాలు, వెనకాల పెద్ద తెర. చెవికి మైకు తగిలించుకున్న ఒక కుర్రవాడు అటూ ఇటూ నడుస్తూ 2030 నాటికి మనమంతా ఎక్కడుంటామో చెబుతున్నాడు. ముందు వరుసలో ఉన్నవాళ్లు మాత్రం బిర్యానీ ఎన్నింటికి పెడతారా అని వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నారు.

తెర మీద ఒక బొమ్మ పడింది. అది కూడా ఏఐ గీసిందేనని కుర్రవాడు గర్వంగా చెప్పాడు. నవ్వుతున్న రైతు, వెనక గుంట, గుంటలోంచి ఎగిరి దూకుతున్న రొయ్యలు. రైతు చేతికి ఆరు వేళ్లు. అది పోనీ, మనిషన్నాక ఉంటాయేమో. కానీ ఆ రొయ్యలన్నీ ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. రొయ్య ఎర్రగా ఎప్పుడవుతుందో నెల్లూరులో ఐదో తరగతి పిల్లకాయను అడిగినా చెబుతాడు, పొయ్యి మీద పెట్టినాక. గుంటలోనే ఉడికిపోయి, ఉడికినాక కూడా ఉత్సాహంగా గంతులేస్తున్న రొయ్యల్ని చూసి హాల్లో ఎవరూ నోరు మెదపలేదు. అందరూ మర్యాదస్తులు.

అప్పుడు నాలుగో వరుసలో ఒక పెద్దాయన లేచాడు. లుంగీ, భుజాన తువ్వాలు. "అబ్బయ్యా, నాదొక డౌటు. తెల్లారుజామున రొయ్య పైన తేలతా ఉండాది. ఏం జేయాల?"

ఇది రొయ్య రైతుకు ఏ రాత్రయినా గుండె ఆగిపోయే ప్రశ్న. నీళ్లలో నాచు, ప్లాంక్టన్ పగలు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తాయి. రాత్రి అవి కూడా రొయ్యలతో పాటు పీల్చుకోవడమే. అందుకే తెల్లవారే ముందు నీళ్లలో ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. మబ్బు పట్టిన రోజైతే మరీ ఘోరం. లీటరుకు నాలుగు మిల్లీగ్రాములైనా ఉండాలంటారు, అది రెండుకూ ఒకటికీ దిగితే రొయ్య ఊపిరాడక పైకొస్తుంది. అప్పుడు నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లన్నీ తిప్పాలి, మేత ఆపాలి, కరెంటు లేకపోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తాలి. చేతిలో ఉండేది కాసేపే. ఆ కాసేపట్లో ఏం చేయాలో తేల్చుకోకపోతే తెల్లవారేసరికి పంట పంటంతా అడుగున పడుంటుంది.

కుర్రవాడు ఫోను పెద్దాయన నోటి దగ్గర పెట్టాడు. ఫోను కాసేపు ఆలోచించింది. మూడు చుక్కలు పైకీ కిందికీ ఎగిరాయి. తర్వాత తీయని ఆడగొంతు, రేడియో వార్తల తెలుగులో: "చాలా మంచి ప్రశ్న! రొయ్యలు పైకి తేలాయంటే అవి చక్కగా ఉడికాయని అర్థం. ఇప్పుడు మంట తగ్గించి, కొత్తిమీర చల్లి, దించుకోండి."

హాలంతా గొల్లుమంది. కుర్రవాడు మాత్రం నవ్వలేదు. "సార్, ప్రాంప్ట్ క్లియర్‌గా ఇవ్వాలి. గుంటలో అని చెప్పండి" అన్నాడు. పెద్దాయన బుద్ధిమంతుడు. గొంతు సవరించుకుని "గుంటలో రొయ్య తేలతా ఉండాది" అన్నాడు.

"అద్భుతం! గుంట పొంగణాలలో రొయ్యలు వేయడం వినూత్నమైన ఆలోచన. పిండి ముందు రోజు రాత్రే నానబెట్టుకోండి."

వెనకాల ఎవరో "నానబెట్టేది పిండినా, మమ్మల్నా?" అని అరిచారు. కుర్రవాడికి చెమటలు పట్టాయి. ఫోను లాక్కుని తానే ఇంగ్లీషులో టకటకా కొట్టాడు. ఈసారి జవాబు తెరనిండా వచ్చింది. ఆక్సిజన్ లోపం కావచ్చు. వ్యాధి కావచ్చు. కుబుసం విడుస్తూ ఉండవచ్చు. నీటి నాణ్యత కావచ్చు. మేత ఎక్కువై ఉండవచ్చు. అన్నీ కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. చివరగా, "దయచేసి మీ స్థానిక నిపుణుణ్ణి సంప్రదించండి."

పెద్దాయన కూర్చోలేదు. "ఆ నిపుణుణ్ణేగదబ్బయ్యా, యాప్ వచ్చిందని మీరు మొన్న పన్లోంచి తీసేసింది?"

మండపంలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. అంతకు ముందు ఆ కంపెనీకి ఫీల్డు కుర్రవాళ్లు ఉండేవాళ్లు. బండి మీద వచ్చేవాళ్లు, చెక్ ట్రే పైకెత్తి మేత ఎంత మిగిలిందో చూసేవాళ్లు, రొయ్యను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి పేగు నిండుగా ఉందో లేదో చెప్పేవాళ్లు. వాళ్లూ తప్పులు చేసేవాళ్లే. కానీ తప్పు చేసినవాడు మర్నాడు అదే ఊళ్లోకి రావాలి, అదే టీ కొట్టు ముందు నిలబడాలి, ఆ రైతు మొహం చూడాలి. ఆ సిగ్గే రైతుకున్న భరోసా. ఈ యాప్‌కి సిగ్గు లేదు సరే, పట్టుకోవడానికి చొక్కా కూడా లేదు.

అదేమంటే, సరిచూసుకోమన్నాంగా అంటారు. ఎలా సరిచూసుకోవాలో అమెరికాలో ఒక లాయరు గారు చేసి చూపించారు. 2023లో న్యూయార్క్ కోర్టులో చాట్‌జీపీటీ చెప్పిన కేసుల్ని ఉదహరిస్తూ కాగితాలు దాఖలు చేశారు. అందులో అసలు లేని కేసులున్నాయి. ఆయనా అనుమానపడ్డారు. అనుమానపడి ఎవరిని అడిగారంటారు? చాట్‌జీపీటీనే. అది నిజమే అంది. ఆయన నమ్మారు. జడ్జిగారు 5,000 డాలర్లు జరిమానా వేశారు. 2024లో గూగుల్ వాళ్ల ఏఐ, పిజ్జా మీద చీజు జారిపోకుండా కొంచెం జిగురు కలపమంది. రోజుకో చిన్న రాయి తినమని కూడా సలహా ఇచ్చింది. ఇవన్నీ చిన్న చిన్న పొరపాట్లట. పసిదట, నేర్చుకుంటుందట. వాటాదారుల ముందు నిలబెట్టినప్పుడు మాత్రం ఇదే పసిబిడ్డ బ్రహ్మదేవుడై పోతుంది. డాక్టరు వద్దు, లాయరు వద్దు, టీచరు వద్దు, అన్నీ తనే చేస్తుంది. ఒక్క ఏడాదిలో డేటా సెంటర్ల మీద 8,000 కోట్ల డాలర్లు పెడతామని మైక్రోసాఫ్ట్ 2025 మొదట్లోనే ప్రకటించింది. అంత పాలు తాగే పసిబిడ్డను ఏ ఊళ్లోనైనా చూశారా?

కెనడాలో అయితే ఇంకో మెట్టు ఎక్కారు. నానమ్మ చనిపోయి హడావిడిగా బయల్దేరుతున్న ఒక ప్రయాణికుడికి ఎయిర్ కెనడా చాట్‌బాట్, ఇప్పుడు మామూలు టికెట్ కొనుక్కో, రాయితీకి తర్వాత దరఖాస్తు చేసుకోవచ్చు అని చెప్పింది. తర్వాత కంపెనీ కుదరదంది. ట్రిబ్యునల్ ముందు ఆ కంపెనీ చేసిన వాదన వినండి: చాట్‌బాట్ చెప్పిన దానికి మా బాధ్యత లేదు, అది వేరే వ్యక్తిలాంటిది, దాని పనులకు అదే బాధ్యత వహించాలి! 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి పరిహారం కట్టమంది. అక్కడ మనిషి చదువుకున్నవాడు, కేసు వేశాడు, గెలిచాడు. ఇక్కడ విడవలూరులోనో అల్లూరులోనో ఎకరం గుంట లీజుకు తీసుకున్నవాడు ఏ ట్రిబ్యునల్‌కు పోతాడండీ? ఫోను గొంతు "దించుకోండి" అందని ఏ కాగితం మీద రాసి, ఎవరి చేతికిస్తాడు?

వాడి లెక్క ఏమిటో ఆ మైకు కుర్రవాడికి తెలుసా? లీజు ముందే కట్టాలి. సీడుకి, అంటే రొయ్య పిల్లలకి, డబ్బులు ముందే ఇవ్వాలి. మేత అప్పు మీద తెస్తాడు, పట్టుబడి నాడు ఆ అప్పు పోను మిగిలింది చేతిలో పెడతారు. కరెంటు బిల్లు, డీజిల్ వేరే. 2025 ఆగస్టులో అమెరికా వాడు మన సరుకు మీద 50 శాతం సుంకం వేస్తే ఆ దెబ్బ కూడా వచ్చి పడింది వీడి గుంటలోనే. ఇన్నింటిని తట్టుకుని నిలబడినవాడికి ఒక తెల్లవారుజామున తప్పు సలహా ఇచ్చి, కింద చిన్న అక్షరాల్లో చెప్పాంగా అంటే అది టెక్నాలజీ కాదు, దగా. మర్యాదకి ఇంకో మాట వెతుకుదామంటే దొరకడం లేదు. కంపెనీ పొదుపు చేసుకున్నది ఫీల్డు కుర్రవాళ్ల జీతాలు. యాప్ తప్పు చెబితే పోయేది రైతు పంట. పొదుపు వాళ్ల ఖాతాలో, పోవడం వీళ్ల ఖాతాలో. ఈ లెక్క తేల్చడానికి ఏఐ ఎందుకు, మా ఊరి పద్దు పుస్తకం చాలు.

నెల్లూరు వాళ్లకు మాత్రం హైపు కొత్తా? 90ల మొదట్లో నీలి విప్లవం అంటూ ఇలాగే సదస్సులు పెట్టారు, ఇలాగే బొకేలిచ్చారు. వరి మళ్లు తవ్వి గుంటలు చేశారు. టైగర్ రొయ్య వేస్తే చాలు బంగారమన్నారు. 1994లో తెల్లమచ్చ రోగం వచ్చి గుంటలకు గుంటలే తుడిచిపెట్టుకుపోయినప్పుడు బొకేలిచ్చినవాళ్లు ఎవరూ కనిపించలేదు. అప్పుడు కూడా గట్టు మీద మిగిలింది రైతే. మళ్లీ లేచాడు. 2009లో వెనామీ అనే కొత్త రకం రొయ్యకు అనుమతి వచ్చింది, దాన్నీ నేర్చుకున్నాడు. చెక్ ట్రే, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు, ఏరియేటరు అన్నీ వాడుతున్నాడు. మీటరు తప్పు చూపిస్తే మార్చి ఇమ్మని షాపుకి పోతాడు, షాపువాడు మారుస్తాడు కూడా. రైతుకు యంత్రాలంటే పడదని ఏడ్చేవాళ్లు ఒక్కసారి వచ్చి చూడండి, ఎవరికి పడదో.

ఆ సదస్సు చివర్లో అందరికీ ఒక కాగితం పంచారు, అభిప్రాయం రాయమని. ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారో టిక్ పెట్టమన్నారు. బిర్యానీ బాగుంది, చాలామంది ఐదు పెట్టేశారు. రేపు ఏ పెట్టుబడిదారుల ముందో ఈ ఐదు నక్షత్రాలే తెర మీద మెరుస్తాయి, నెల్లూరు రైతాంగం నీరాజనం అని.

వచ్చే నెల మళ్లీ పెడతారట. పెట్టండి. ఈసారి కల్యాణమండపంలో మాత్రం వద్దు. గుంట గట్టు మీద, కరెంటు పోయిన రాత్రి, తెల్లవారుజామున మూడున్నరకి పెట్టండి. ఫీల్డు కుర్రవాళ్లను తీసేయమని సంతకం పెట్టిన పెద్దమనిషిని కూడా వెంటబెట్టుకు రండి, లుంగీ మేమిస్తాం. రొయ్య పైకి తేలినప్పుడు ఫోను ఆయన చేతికే ఇద్దాం, ఆయన్నే అడగమందాం. బిర్యానీ ఖర్చు మాది. జనరేటర్‌కి డీజిల్ మాత్రం మీరే తెచ్చుకోండి.