నత్రజని పోసే చేతులు ఎవరివి?

గత నెలలో మా మేనల్లుడు అమెరికా నుంచి ఫోను చేశాడు. చనిపోయాక తన శరీరాన్ని అతిశీతలంలో భద్రపరిచే సంస్థలో చేరుతున్నానని చెప్పాడు. దీన్ని క్రయోనిక్స్ అంటారు. ఇవాళ్టి వైద్యానికి లొంగని జబ్బును రేపటి వైద్యం నయం చేస్తుందని, అప్పటిదాకా దేహం చెడకుండా ఉంటే చాలని ఆశ. తమకు అభ్యంతరం లేదని కుటుంబ సభ్యులు రాసిచ్చే పత్రం ఒకటి ఉంది. దాని మీద వాళ్ల అమ్మ, అంటే మా అక్క, సంతకం చేయాలి. "మామయ్యా, అమ్మకు మీరే నచ్చజెప్పాలి. వీలైతే మీరూ చేరండి" అన్నాడు.

తిరుపతిలో మా ఇంటి వసారాలో కూర్చోబెట్టి విషయం చెబితే అక్క ఒక్కటే అడిగింది. "మరి వాడి కొడుకు తద్దినం పెట్టాలా, వద్దా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. చట్టం మరణ ధ్రువపత్రం ఇస్తుంది. ఆ సంస్థలేమో ద్రవ నత్రజని ట్యాంకుల్లో భద్రపరిచిన వాళ్లను రోగులనే పిలుస్తాయి. ఈ రెండు మాటల మధ్య కుటుంబం ఎన్నేళ్లు నిలబడాలో ఎవరూ చెప్పరు. బ్రిటన్‌లో 2016లో క్యాన్సర్‌తో చనిపోతున్న 14 ఏళ్ల బాలిక ఇదే కోరుకుంటే తల్లి సరేనంది, తండ్రి వద్దన్నాడు. చివరికి హైకోర్టు తేల్చవలసి వచ్చింది. నిర్ణయం తల్లికి వదిలిన న్యాయమూర్తి, క్రయోనిక్స్ మంచిచెడులపై తాను తీర్పు చెప్పడం లేదని స్పష్టం చేశారు.

బతకాలనుకోవడం తప్పని నేను అనను. చావంటే భయపడేవాడు పిరికివాడని కూడా అనను. నా అనుమానం వేరే చోట ఉంది. అది మా ఊళ్లో ఒక నత్రజని క్యాన్ దగ్గర మొదలైంది.

పలమనేరు వైపు పల్లెల్లో పాడి ఉన్న ప్రతి ఇంటికీ ఆ క్యాన్ తెలుసు. పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర మూత తీయగానే తెల్లటి పొగ అంచు మీదుగా పొర్లి కిందికి జారుతుంది. లోపల మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని. పొడవాటి పట్టకారుతో ఆబోతు వీర్యం నింపిన సన్నటి గొట్టాన్ని తీసి గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచుతాడు. ఎప్పుడో చనిపోయిన ఆబోతు బీజంతో ఈ ఏడు పెయ్యదూడ పుడుతుంది. మొన్న వెళ్లినప్పుడు ఆయన ఒక సన్నటి కర్రను క్యాన్ అడుగుదాకా దించి బయటికి తీశాడు. కర్ర మీద మంచు ఎంతవరకు పేరుకుంటే అంతవరకు నత్రజని ఉన్నట్టు. బెత్తెడు కంటే తక్కువే ఉంది. "ఒక్కసారి అయిపోయిందంటే మళ్లీ నింపినా లాభం లేదు సార్, లోపలున్నవన్నీ చచ్చినట్టే" అన్నాడు.

క్రయోనిక్స్‌లో వాడేదీ ఆ నత్రజనే, ఆ చలే. తేడా పరిమాణంలో ఉంది. వీర్యకణం ఎంతో చిన్నది. గ్లిసరాల్ లాంటి రక్షక ద్రవం దానిలోకి సులువుగా చేరుతుంది, మంచు స్ఫటికాలు కణాన్ని చీల్చకుండా కాపాడుతుంది. మనిషి మెదడులో మూలమూలకూ ఆ ద్రవాన్ని పంపాలి, గడ్డకట్టనివ్వకుండా గాజులా బిగుసుకునేలా చల్లార్చాలి, పగుళ్లు రాకుండా చూడాలి. తిరిగి వెచ్చబెట్టడం అంతకన్నా కష్టం. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుక మూత్రపిండాలను ఇలా 100 రోజుల వరకు నిల్వ ఉంచి, ఐరన్ ఆక్సైడ్ నానో రేణువులతో లోపలి నుంచి వెచ్చబెట్టి, మళ్లీ ఎలుకలకు అమర్చి పనిచేయించారు. 2023 నాటి ఈ ఫలితం నిజంగా గొప్పది. అయితే ఎలుక మూత్రపిండం ఎంతో చిన్నది. పూర్తి క్షీరదాన్ని ఇంత చలిలోంచి ఇంతవరకు ఎవరూ లేపలేదు.

సరే, ఆ విద్య ఏ 200 ఏళ్లకో పట్టుబడుతుందనే అనుకుందాం. అప్పటిదాకా ఆ కర్ర దించి చూసేది ఎవరు?

ఈ పద్ధతిలో భద్రపరిచిన మొదటి మనిషి జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అనే అమెరికన్ ఆచార్యుడు. 1967 జనవరి 12న ఆయనను చల్లార్చారు. ఇప్పుడు ఆరిజోనాలోని అల్కోర్ సంస్థలో ఉన్నారు. ఆ తొలినాళ్లలో భద్రపరిచిన వాళ్లలో ఇవాళ్టికి మిగిలింది ఆయనొక్కరే. అందుకు కారణం ఆయన భార్య, కొడుకు. ఏళ్ల తరబడి చోటు మారుస్తూ, ఖర్చు భరిస్తూ ఆ దేహాన్ని కాపాడుకున్నారు. కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానంలో ఒక నేలమాళిగలో ఉంచిన తొమ్మిది మందికి ఆ అదృష్టం లేదు. బంధువుల నుంచి డబ్బు రావడం ఆగింది, నత్రజని పోయడం ఆగింది. దేహాలు కరిగి కుళ్లిపోయిన సంగతి 1979లో బయటపడింది. అక్కడ ఓడింది విజ్ఞానశాస్త్రం కాదు. మనుషులు మాట నిలబెట్టుకోలేకపోయారు.

ఇప్పటి సంస్థలు ఆ గుణపాఠం నేర్చుకున్నాయి. సభ్యుడి సొమ్ములో కొంత విడిగా నిధిలో వేసి, దాని రాబడితో నిర్వహణ సాగిస్తాయి. మిషిగన్‌లోని క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్ రుసుము 28,000 డాలర్లు, మన లెక్కలో సుమారు పాతిక లక్షలు. అల్కోర్‌లో పూర్తి దేహానికి రెండు లక్షల డాలర్ల పైమాటే. చాలామంది జీవిత బీమా ద్వారా కడతారు.

శాశ్వత నిధి అనే మాట వినగానే తిరుపతి వాడికి కొండ మీది శాసనాలు గుర్తుకురావాలి. ఆ గోడల నిండా ఇలాంటి ఒప్పందాలే ఉన్నాయి. ఇంత భూమి, ఇంత బంగారం, దాని మీద వచ్చే రాబడితో దీపం వెలగాలి, నైవేద్యం జరగాలి, ఆచంద్రార్కం. ఆ దానాలన్నీ ఇవాళ ఆ దాతల పేరున నడవడం లేదు. భూములు చేతులు మారాయి, రాజ్యాలు పోయాయి. పల్లవ రాణి సామవాయి సమర్పించిన వెండి భోగ శ్రీనివాసమూర్తికి మాత్రం, వెయ్యేళ్లు దాటినా, ధనుర్మాసంలో తప్ప ప్రతి రాత్రీ ఏకాంతసేవ జరుగుతుంది. తాళ్లపాక వారి లాలి వినిపిస్తుంది. ఆమె ఇచ్చిన భూమి వల్లే ఇది నిలిచిందని నేను అనుకోను. ప్రతి తరంలోనూ ఆ రాత్రి సేవ తమకు కావాలనుకునే మనుషులు ఉన్నారు.

ట్యాంకులో ఉన్న అపరిచితుడు ఏ తరానికి అంతగా కావాలి? దశరథుడి దేహాన్ని తైలద్రోణిలో ఉంచినప్పుడు ఎవరి కోసం ఉంచారో అయోధ్యలో అందరికీ తెలుసు. భరతుడు బయలుదేరాడు, వస్తాడు. మా మేనల్లుడి కోసం రావలసిన వైద్యుడు ఇంకా పుట్టలేదు.

అయినా వాడికి చేరవద్దని చెప్పలేదు. ఆ సంస్థ ధర్మకర్తలు ఎవరు, ఎలా మారతారు, సంస్థ మూతపడితే దేహాన్ని ఎవరికి అప్పగిస్తారు, నత్రజని సరఫరా ఆగితే ఎన్ని రోజులు నెట్టుకురాగలరు అన్నవి అడిగి రాతపూర్వకంగా తీసుకోమన్నాను. ప్రయోగశాల గొప్పల కన్నా ఈ జవాబులే ముఖ్యం. వాడు అక్కడే ఉంటాడు కాబట్టి వాడి విషయంలో కనీసం మొదటి గంటలు చేజారవు.

నా సంగతి అలా కాదు. గుండె ఆగిన కొద్ది నిమిషాల్లోనే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ క్షణానికి మంచుతో, యంత్రాలతో ఒక బృందం మంచం పక్కన సిద్ధంగా ఉండాలి. తిరుపతిలో, ఆ మాటకొస్తే మన దేశంలోనే అలాంటి ఏర్పాటు లేదు. మే నెల ఎండలో ధ్రువపత్రం, పోలీసుల నిరభ్యంతర పత్రం, దేహం చెడకుండా చేసే రసాయన ప్రక్రియ, చెన్నై దాకా మూడు గంటల ప్రయాణం, ఆ తర్వాత విమానం. ట్యాంకు చేరేసరికి నేను అనదగినది ఏదీ ఆ మెదడులో మిగలదు. అంత సొమ్ము పెట్టి నా పిల్లల చేత ఆ పరుగు పెట్టించలేను.

మొన్న ఆదివారం అక్క పత్రం తెమ్మంది. కళ్లద్దాలు పెట్టుకుని నేను తెలుగులో చెబుతుంటే ప్రతి పేరా విన్నది. ఒకచోట ఆపి, "వాడు లేచేసరికి నేనెవరో వాడికి గుర్తుంటుందా?" అని అడిగింది. తెలియదన్నాను. కాసేపు పత్రం వైపే చూసి సంతకం పెట్టింది. సాక్షిగా కింద నేను పెట్టాను. నా కోసం వాడు పంపిన పత్రాన్ని ఖాళీగానే వెనక్కి పంపాను.