బరువు తగ్గడానికేనా వ్యాయామం?

అరవై దాటిన ఆడవాళ్లు వాకింగ్ మానేయడానికి బద్ధకమే కారణమని మీరు ప్రచురించిన వ్యాసంలో రాశారు. నేనొప్పుకోను. విశాఖలో మా అత్తయ్య పొద్దున్నే బీచ్ రోడ్డుకి నడకకి వెళ్లేవారు. చీర కట్టి స్పోర్ట్స్ షూ వేసుకుంటే "ఈ వయసులో ఈ షోకులేంటి" అని ఇంట్లోవాళ్లే నవ్వారు. పైగా ఎన్నాళ్లు నడిచినా బరువు మిషన్ ముల్లు కదల్లేదు. ఇంకేముంది, షూ అటకెక్కాయి.

ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి ఎముకలు గుల్లబారతాయి, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. అది ఆవిడ తప్పా? సన్నబడతారని ఆశపెడితే ఆ హుషారు ఎన్నాళ్లుంటుంది చెప్పండి! పీట మీంచి చెయ్యి ఆనించకుండా లేవగలుగుతున్నానా, బియ్యం డబ్బా జరపగలుగుతున్నానా అని చూసుకోమంటే నయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 దాటినవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకలాంటి వ్యాయామం ఉండాలి. దాంతోపాటు కండరాల బలానికి కనీసం 2 రోజులు, పడిపోకుండా బ్యాలెన్స్ కోసం 3 రోజులు కసరత్తు చేయాలి. ఈ రెండూ మన పెద్దవాళ్లకి ఎవరు నేర్పిస్తున్నారు?

అన్నట్టు, వ్యాసానికి పెట్టిన ఫొటోలో ఉన్నది పాతికేళ్ల అమ్మాయి. ఈసారైనా జుట్టు నెరిసిన మనిషిని పెట్టండి.