గినీ పందికి నయమైంది, మనిషే మొండికేశాడు

ఉబ్బసాన్ని 19వ శతాబ్దపు వైద్యులు నరాల జబ్బుగానే ఎంచేవారు. 1906లో ఎలర్జీ అనే మాట పుట్టి, అటుపై నేరమంతా ఐజీఈ అనే ప్రతిరక్షకం మీదికీ, మాస్ట్ కణాలు, ఇసినోఫిల్స్ అనే రోగనిరోధక కణాల మీదికీ మళ్లడంతో నరాలు గౌరవప్రదంగా విడుదలయ్యాయి. ఆ విడుదల తొందరపాటని, కేసు తిరగదోడవలసిందేనని ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం.

శ్వాసనాళపు పైపొర కణాల నడుమ సన్నని జ్ఞాన నాడుల కొసలు పరుచుకుని ఉంటాయి. పొగో, ఘాటో సోకగానే మెదడుకు కబురు పంపి దగ్గు తెప్పించడమే వాటికి అప్పగించిన పని. కాని ఆ కబురు దారిలో కొమ్మ చీలిన చోట వెనక్కి తిరిగి, మెదడు అనుమతితో నిమిత్తం లేకుండా, పక్క కొసకు చేరుతుంది. అక్కడ సబ్‌స్టెన్స్ పి, న్యూరోకైనిన్ ఎ, సీజీఆర్‌పీ అనే రసాయనాలు బయటపడతాయి. మొదటిది రక్తనాళాల గోడల నుంచి ద్రవాన్ని ఊరించి కళ్లెను పెంచుతుంది, రెండోది కండరాన్ని బిగిస్తుంది, మూడోది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. కంచే చేను మేయడమంటే ఇదే. మాస్ట్ కణాలు వదిలే హిస్టమిన్ ఈ నాడులను మరింత రెచ్చగొడుతుంది కనుక ఉభయ పక్షాలకూ లోపాయికారీ ఒప్పందం ఉందనే అనుకోవాలి. ఈ రసాయనాలను ముక్కలు చేసే ఎంజైమ్ ఒకటి అదే పైపొరలో కాపలా ఉంటుంది. వైరస్ సోకినప్పుడో, సిగరెట్ పొగ తగిలినప్పుడో అది విధులకు సరిగా హాజరు కాదని జంతువులపై చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి.

ప్రధాన ముద్దాయి సబ్‌స్టెన్స్ పి చరిత్ర కూడా కాస్త చెప్పుకోవాలి. 1931లో ఫాన్ ఆయిలర్, గాడమ్ అనే శాస్త్రవేత్తలు గుర్రపు పేగు నుంచీ మెదడు నుంచీ తీసిన సారంలో ఇది దొరికింది. పొడి (పౌడర్) రూపంలో ఉందని ‘పి’ అన్నారు. అది 11 అమైనో ఆమ్లాల గొలుసని తేలేసరికి 1971 వచ్చింది. నలభయ్యేళ్లు పొడిగానే నెగ్గుకొచ్చిన పదార్థాన్ని తక్కువగా అంచనా వేయరాదు.

ఇక గినీ పందుల విషయానికి వస్తే, వాటి సహకారం ప్రశంసనీయం. మిరపకాయలోని క్యాప్సైసిన్‌తో ముందుగానే ఆ నాడులను ఖాళీ చేస్తే వాటి శ్వాసనాళాలు బుద్ధిగా బిగుసుకోవడం తగ్గించాయి. న్యూరోకైనిన్ల గ్రాహకాలను, అంటే కణాల మీద ఆ రసాయనాలు అతుక్కునే చోట్లను, మూసే మందులకూ చక్కగా లొంగాయి. సిద్ధాంతం ఇంత అందంగా రుజువయ్యాక మనిషి చేయవలసింది ఒక్కటే, గినీ పందిలా ప్రవర్తించడం. అదీ చేతకాలేదు. అతని ఊపిరితిత్తుల్లో ఆ రసాయనాలు నింపుకున్న నాడులే పలుచన. న్యూరోకైనిన్ ఎ పీల్పిస్తే ఉబ్బస రోగికి నాళం బిగుసుకుంటుంది, ముందుగా మందు ఇస్తే ఆ బిగింపు తగ్గుతుంది కూడా. జబ్బు మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గదు. ఇంతటి మొండితనాన్ని జీవశాస్త్రం ఎంతకాలం సహించాలి? ఆ మందుల కుటుంబంలోనిదే అయిన అప్రెపిటెంట్ 2003లో అమెరికాలో అనుమతి సంపాదించింది కాని, అది కీమోథెరపీ వాంతులను ఆపడానికి. ఉబ్బసం కోసం చదువుకుని వాంతుల శాఖలో ఉద్యోగంలో చేరిన ఆ కుటుంబాన్ని తలచుకుంటే జాలి కలుగుతుంది.

ఈలోగా రోగులు ఇన్‌హేలర్లే పీలుస్తున్నారు. అందులోని సాల్‌బ్యుటమాల్, కండరాన్ని బిగించమన్నది నాడా, మాస్ట్ కణమా అని ఆరా తీయకుండానే నిమిషాల్లో దాన్ని వదులు చేస్తుంది. విచారణ పూర్తికాక ముందే ఉపశమనం ఇవ్వడం పద్ధతి కాదని ఇందుమూలంగా అభ్యంతరం నమోదు చేస్తున్నాను.