తుంగ దుంప, ద్రవ నత్రజని, నా బొటనవేలు

ఈ దేశంలో తీరని సమస్యలకు కొదవ లేదు, వాటి మీద మాట్లాడేవాళ్లకీ కొదవ లేదు. అందుకని ఎవరూ పట్టించుకోని ఒక విషయం మీద ప్రజలను మేల్కొలిపే బాధ్యత నేను తీసుకుంటున్నాను. పులిపిరి. మా కోనసీమలో కొందరు ఉలిపిరికాయ అంటారు. పేరేదైనా దాని గుణం ఒకటే. చెప్పకుండా వస్తుంది, డబ్బిచ్చి పొమ్మంటే పోతుంది, మూడో నెలలో పిల్లాపాపలతో తిరిగొస్తుంది.

నా అర్హత ఏమిటంటారా? ముందటేడాది సంక్రాంతికి కుడి చేతి బొటనవేలి గోరు పక్కన ఆవగింజంత మొదలైంది. కోడిపందేల బరి దగ్గర చేతులు మారిన నోట్ల వల్లేనని మా ఆవిడ అనుమానం. చిన్నప్పుడు వద్దంటున్నా డాబా మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టావు, అది ఇన్నాళ్లకు తగిలిందని మా అమ్మ తీర్పు. కాదమ్మా, ఇది హ్యూమన్ పాపిలోమా వైరస్, 200కు పైగా రకాలున్నాయి, చేతి మీద వచ్చేవి 2, 27, 57 లాంటి నంబర్లవి అని చదివి చెప్పాను. నంబర్లుండేవి బస్సులకి, వైరస్‌లకి కాదు అంది.

మొదట చర్మం డాక్టరు గారు కరెంటుతో కాల్చారు. పోయింది. మేం పూతరేకులు పంచుకున్నాం. మూడో నెలకి ఉన్నచోటే మళ్లీ మొలిచింది. ఈసారి ద్రవ నత్రజని, మైనస్ 196 డిగ్రీలు. మే నెలలో కోనసీమ మొత్తం ఉడికిపోతుంటే నా బొటనవేలు ఒక్కటే హిమాలయాల్లో ఉంది. మధ్యలోది రాలిపోయింది, దాని చుట్టూ గారెలాగా గుండ్రంగా కొత్తవి లేచాయి. గారె మధ్యలో చిల్లు మాత్రం శుభ్రంగా ఉంది, డాక్టరు గారు దాన్నే చూపించి తృప్తిపడ్డారు.

ఎందుకిలా తిరిగొస్తుందని అడిగితే ఆయన ఓపిగ్గా చెప్పారు. కంటికి కనిపించే కాయను తీసేస్తాం, పక్కన మామూలుగా కనిపించే చర్మంలో కూడా వైరస్ పడుకుని ఉంటుంది, దాన్నేం చేస్తాం అని. నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే నేను కాలవ గట్టున పుట్టిన మనిషిని. ఇది గుర్రపుడెక్క. ఏటా వేసవిలో కాలవలు కట్టేస్తారు, గుర్రపుడెక్క తీయడానికి టెండరు పిలుస్తారు, పైపైన లాగి గట్టు మీద పోస్తారు, బిల్లవుతుంది. గింజలు మాత్రం బురదలో ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉంటాయి, మళ్లీ నీళ్లు వదలగానే పచ్చగా లేచి నమస్కారం పెడతాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర దీనికేమీ ఉపాయం చెప్పలేదేంటని కొందరి బాధ. ఆయన కట్టేనాటికి ఆ అమెజాన్ మొక్క మన దేశానికి రానేలేదు. ఆయన్ని వదిలేయండి.

సరిగ్గా ఈ దశలో మా బావమరిది రంగప్రవేశం చేశాడు. రొయ్యల చెరువుల మనిషి, ఏరేటర్ల బేరానికి గ్వాంగ్‌జౌ వెళ్లొచ్చాడు. వెళ్లినవాడు ఏరేటర్లతో ఆగితే బాగుండేది, ఒక అట్టపెట్టె నిండా మూలికల పొట్లాలు కూడా తెచ్చాడు.

"బావగారూ, మీరు ఒంటెద్దుతో దున్నుతున్నారండి. ఇంగ్లీషు వైద్యం పైన కోస్తాది, చైనా వైద్యం లోపల కడుగుతాది. రెండూ కలిపితేనే మళ్లీ రాదండి, ఆయ్!"

నవ్వకండి, చైనాలో ఇది చాటుమాటు వ్యవహారం కాదు. పాత వైద్యాన్నీ పాశ్చాత్య వైద్యాన్నీ కలపడం అక్కడ 1950ల నుంచీ ప్రభుత్వ విధానం, దానికి విడిగా ఆసుపత్రులే ఉన్నాయి. లేజరుతోనో నత్రజనితోనో కాయను తీసేయడం, ఆ తర్వాత వేడి కషాయంలో చెయ్యి నానబెట్టడం, అదో ఇంకోటో తాగించడం, స్థూలంగా ఇదీ పద్ధతి. పైన కాంట్రాక్టరు, కింద పూజారి అన్నమాట.

పొట్లాల మీద చైనా అక్షరాల పక్కన లాటిన్ పేర్లున్నాయి. ఒక్కొక్కటీ ఫోన్లో వెతుకుతుంటే నా గుండె ఆగినంత పనైంది. మొదటిది సైపెరస్ రొటండస్. అంటే తుంగ! మన చేల గట్ల మీద, మిరప మళ్లలో, శ్మశానంలో కూడా మొలిచే తుంగ. చైనావాళ్లు ఆ దుంపను ఉడికించి పులిపిర్లు కడుగుతారట. రెండోది పోర్చులాకా ఒలరేసియా, అంటే గంగపాయల కూర. దాన్ని మేం పప్పులో వేసుకుని ఆవకాయతో తింటున్నాం, అది వైద్యమని తెలియక ఇన్నాళ్లూ రెండోసారి వడ్డించుకున్నాం కూడా. మూడోది కాయ మీద కాల్చి సెగ పెట్టే ఆకు, మన మాచిపత్రికి దగ్గరి చుట్టం, వినాయక చవితి పత్రిలో మొదటి పేరు. అంటే మా బావమరిది కోనసీమ కలుపు మొక్కల్ని చైనా నుంచి విమానంలో, అదనపు లగేజీ చార్జీ కట్టి, కోనసీమకే తెచ్చాడు. ఇలాంటి ఘనకార్యం మన ప్రభుత్వాలు కూడా టెండరు లేకుండా చేయలేవు.

పక్క చేను కౌలు రైతుకి ఈ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు నా మొహంలోకి చూశాడు.

"తుంగతో ఉలిపిరి మళ్లీ రాకుండా పోద్దాండి? ఇరవయ్యేళ్ల నుంచి పీకుతున్నానండి, మందులు కొడుతున్నానండి, ఆ తుంగే పోవట్లేదండి."

శాస్త్రవేత్తలు ప్రపంచంలోకెల్లా చెడ్డ కలుపు అని పేరు పెట్టింది దీనికే. మళ్లీ మళ్లీ రావడంలో ప్రపంచ చాంపియన్‌ను తెచ్చి మళ్లీ రాకుండా కాపలా పెట్టడం, ఆలోచిస్తే గొప్ప యుక్తే. మన ఎన్నికల్లో వాడని యుక్తి కూడా కాదు.

అయినా రెండు నెలలు నానబెట్టాను. ఈలోగా దీని మీద చైనా వైద్యులు రాసినవి చదివాను. చాలావాటిలో "మొత్తం ప్రభావ శాతం" అని ఒక అంకె ఉంటుంది. పూర్తిగా తగ్గినవాళ్లు, బాగా తగ్గినవాళ్లు, కొంచెం తగ్గినవాళ్లు, అందరినీ కలిపేస్తే వచ్చేది అది. మా కాలవ పనుల బిల్లులు కూడా ఇలాగే రాస్తారు కాబట్టి నాకు పరాయిగా అనిపించలేదు. పోనీ ఇంగ్లీషు వైద్యమైనా గట్టిదా అంటే, 2011లో బ్రిటన్‌లో 240 మంది అరికాలి పులిపిర్ల మీద ఒక పోటీ పెట్టారు. సగం మందికి నత్రజని, సగం మందికి కాయను మెల్లగా కరిగించే పూతమందు, 50 శాతం సాలిసిలిక్ యాసిడ్. 12 వారాల తర్వాత పూర్తిగా పోయింది ఇక్కడ 14 శాతం మందికి, అక్కడా 14 శాతం మందికే. సంక్రాంతి బరిలో రెండు పుంజులూ పడుకుని నిద్రపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

అసలు సంగతి ఇంకోచోట ఉంది. ఈ వైరస్ రక్తంలోకి వెళ్లదు, చర్మం పైపొరల్లోనే గుట్టుగా ఉంటుంది, అందుకే ఒంట్లో రక్షణశాఖ దాన్ని చాలాకాలం గమనించదు. పోరంబోకులో బడ్డీకొట్టు లాంటిది, గొడవ పడనంతకాలం పంచాయతీవాళ్లు అటు చూడరు. కాల్చినా, గడ్డకట్టించినా, చివరికి కొందరు డాక్టర్లు పిల్లలకి తట్టు, గవదబిళ్లలు రాకుండా వేసే ఎమ్మెమ్మార్ టీకా మందునే కాయలోకి ఎక్కించినా, అందులో సగం ఉద్దేశం నాలుగు కేకలు పెట్టి ఆ పంచాయతీవాళ్లను లేపడమే. వాళ్లు లేచిన రోజున ఎవరూ ముట్టుకోకపోయినా కొట్టు ఖాళీ అవుతుంది. పిల్లల్లో అయితే ఏ మందూ లేకుండా రెండేళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు వాటంతట అవే పోతాయి. చైనా పాత వైద్యులు దీనికి పెట్టిన పేరు వింటే వాళ్ల మీద గౌరవం కలుగుతుంది: "వెయ్యి రోజుల పుండు". మందు సంగతి ఎలా ఉన్నా, క్యాలెండరు మాత్రం నిజాయితీగా చూశారు.

(ఇది చదివి షుగరున్నవాళ్లు అరికాళ్లకి తుంగ కట్టుకోవద్దు, బ్లేడు అసలే తీయొద్దు. ఒకసారి నేను తీశాను, ఒకటి మూడయ్యాయి. మొహం మీద, మర్మస్థానంలో వచ్చినవాటికి నా సలహాలు వర్తించవు, డాక్టరు దగ్గరికే వెళ్లండి.)

ఇక నా బొటనవేలి విషయం. ఈ ఏడాది మే ఆఖర్లో, చైనా పొట్లాలు అయిపోయి, డాక్టరు గారిచ్చిన ఇంగ్లీషు పూతమందు ఎండిపోయి, నేను ఆశ వదిలేసుకున్నాక, మా అమ్మ ఎక్కణ్నుంచో ఒక గుర్రం తోక వెంట్రుక తెప్పించి కాయకి బిగించి కట్టింది. జూన్‌లో కాలవలకి నీళ్లు వదిలిన వారంలో కాయలన్నీ ఎండి రాలిపోయాయి, అది లెక్కకు 870వ రోజు. ఇంట్లో యుద్ధం మొదలైంది. గుర్రం వెంట్రుక అంటుంది అమ్మ. తుంగ ఆలస్యంగా పనిచేసిందంటాడు బావమరిది. డాక్టరు గారు ఫోన్లో, నేను చేసిన దాని ఫలితమే నండి, కాస్త టైం పడుతుందంతే, అన్నారు. గుర్రం ఏమీ అనలేదు. 870 రోజులు లెక్కపెట్టిన నన్ను మాత్రం ఎవరూ వైద్యుడి కింద జమ కట్టలేదు.

కాబట్టి నా ఉభయ వైద్య ప్రణాళిక ఇది. అన్ని వైద్యాలూ కలపండి, తప్పులేదు, కానీ ఏ వైద్యుడూ మొదటి ఏడాది దగ్గరికి రాకండి. తొమ్మిది వందల రోజులు దాటాక తొక్కిసలాట లేకుండా టోకెన్లు ఇచ్చి పిలుస్తాం, పేరు మీదే.

మొన్న కాలవ గట్టు మీద గుర్రపుడెక్క తీయిస్తున్న కాంట్రాక్టరు చేతి మీద మూడు కాయలు చూసి, ఆగి, ఇదంతా వివరంగా చెప్పాను. వైరస్, బురదలో గింజలు, వెయ్యి రోజులు, అన్నీ. ఆయన పొక్లెయిన్ ఆపించి మరీ శ్రద్ధగా విన్నాడు.

"అయితే అండి," అన్నాడు చివరికి, కాలవ వైపు చూస్తూ, "దానంతటది పోయేదాకా ఆగి, అప్పుడు మిషను దింపినా బిల్లవుద్దంటారా?"